ఏ తుపాకికి ఏ తూటా?

మా పక్కతోట పెద్దాయనకు ఒక ఆడగుర్రం వున్నది. ఎర్రగా, నిగనిగలాడుతూ చూడముచ్చటగా వుంటుంది. కిందటి చలికాలంలో ఒకనాటి పొద్దుట నేను తుపాకి పేల్చితే అది బెదిరి, పరుగెత్తి, ముళ్లకంచెకు కొట్టుకున్నది. ముందరికాలు చీరుకుపోయింది. పెద్దాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. టోపీ తీసి చేత పట్టుకుని కంచె దాకా వచ్చి, "కాస్త చప్పుడు తక్కువ తూటా ఏదైనా చూసుకోగూడదా?" అన్నాడు. అంతే. నాలుగు తిట్టివుంటే నాకు తేలిగ్గా వుండేది.

ఆ ఒక్క మాట చెల్లించుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇంతా చేసి, ఆ మూడు నెలల చివర నా కళ్లకూ చేతులకూ పెద్ద గండమే వచ్చి తప్పిపోయింది. ఆ కథంతా చెబుతాను. తుపాకి ముట్టుకోని వారికి కూడా పనికివచ్చే సంగతి ఒకటి ఇందులో వున్నదని నా నమ్మకం.

మేము వుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో. ఉద్యోగం వుండగానే వూరిబయట 12 ఎకరాలు కొని, పికాన్ మొక్కలు వేశాను. పికాన్ అంటే అక్రోటుకు దగ్గర చుట్టం అనుకోండి. చలికాలం వచ్చి గడ్డి యెండిపోయిందంటే కుందేళ్లు లేతమొక్కల మొదళ్లలో బెరడు కొరుక్కు తింటాయి. చుట్టూతా కొరికితే మొక్క పోయినట్టే. రెండేళ్లలో 30 మొక్కలు పోయాయి. నేనిక్కడి పౌరుణ్ణే కాబట్టి తుపాకి కొనుక్కోవడానికి అడ్డు లేకపోయింది. వేట లైసెన్సు తీసుకున్నాను. తోటలో పేల్చవచ్చునో లేదో కూడా కనుక్కున్నాను. మన దేశంలో ఐతే లైసెన్సు లేకుండా తుపాకి ముట్టుకోవడమే నేరం; కుందేలును వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మరో నేరం. అంచేత యిది యిక్కడి ముచ్చటగానే చదువుకోవాలి.

రెండు చప్పుళ్లు

నా తుపాకి ఇరవైరెండు రైఫిల్. అంటే గొట్టం రంధ్రం వ్యాసం అంగుళంలో నూటికి 22 వంతులు. దాని తూటా, ఇరవైరెండు లాంగ్ రైఫిల్ అనేది, 1887 నాటి నుంచీ వున్నది. ప్రపంచంలో ఇంత విరివిగా పేలే తూటా మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. నాది సెమీ ఆటోమాటిక్ రకం. ఒకసారి మీట నొక్కితే ఒక తూటా పేలుతుంది. పేలిన ఇత్తడి డొప్పను తుపాకే బయటికి విసిరేసి కొత్త తూటాను లోపలికి తెచ్చుకుంటుంది. ఈ జాతిలో బాగా పేరుమోసిన రూగర్ 10/22 రైఫిల్ 1964లో బజారుకు వచ్చింది. పదేసి తూటాలు పట్టే పెట్టె కనుక దానికా పేరు.

తుపాకి చప్పుడు ఒకటి కాదు, రెండు. గొట్టం మూతి దగ్గర మండిన మందు గాలి ఒక్కసారిగా బయటపడుతుంది గదా, అది ఒకటి. గుండు ధ్వని కంటే వేగంగా పోతూ గాలిని చీల్చుకుంటూ చేసే 'ఫట్' అనే శబ్దం రెండోది. పశువులను బెదరగొట్టేది చాలావరకు ఈ రెండోదే. కొరడా ఝళిపించినట్టు దూరదూరాలకు వినిపిస్తుంది. ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 1,125 అడుగులు. నేను అంతవరకూ వాడిన జోరు తూటాల గుండు వేగం 1,240 అడుగులు. గుండు వేగాన్ని ధ్వని వేగానికి లోబరిస్తే ఆ కొరడా దెబ్బ వుండదు. మొదటి చప్పుడు మాత్రం వుంటుంది. గొట్టం పొడుగ్గా వుంటే అదీ కొంత తగ్గుతుంది. చెవుల్లో అడ్డు పెట్టుకోవడం మానకూడదు.

ఐతే వేగం తగ్గించమంటే తగ్గించవచ్చు. బలం తగ్గితే కుందేలు చావదు, గాయపడి పొదల్లోకి పోయి రెండు రోజులు కుళ్లుతుంది. అది నాకు ఇష్టం లేదు. మరి వేగం తగ్గినా బలం తగ్గకుండా వుండాలంటే యేం చెయ్యాలి?

బావమరిది తెచ్చిన పెట్టె

"బరువు పెంచాలి బావా!" అన్నాడు మా బావమరిది.

అతనుండేది హ్యూస్టన్‌లో. ఇంజనీరు. తుపాకుల మీద నాకంటె మోజు యెక్కువ. నాకంటె చదువూ యెక్కువే. ఒక శనివారం వస్తూ వస్తూ మా ఆవిడకు ఆవకాయ సీసా, నాకు తూటాల పెట్టె తెచ్చాడు. మామూలు ఇరవైరెండు గుండు 40 గ్రెయిన్లు తూగుతుంది. అతను తెచ్చిన దాని గుండు 60 గ్రెయిన్లు. మన పాత తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే ఈ గుండు తులంలో మూడోవంతు తూగుతుందన్నమాట. వేగం 950 అడుగులే. ధ్వనికి చాలా లోబడే వున్నది.

కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మామూలు 40 గ్రెయిన్ల గుండును 1,050 అడుగుల వేగానికి తగ్గిస్తే దాని శక్తి 98 అడుగు పౌన్లు. ఈ 60 గ్రెయిన్ల గుండు 950 అడుగుల వేగంతో పోయినా శక్తి 120. "చప్పుడు తక్కువ, దెబ్బ యెక్కువ. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఇంకొక లాభం కూడా చెప్పాడు. అది నిజంగా మంచి మాట. మా రకం తుపాకిలో వెనక బోల్టుకు గడియ వుండదు. దాని బరువూ, ఒక స్ప్రింగూ మాత్రమే దాన్ని ఆపుతాయి. గుండు ముందుకు యెంత వూపుతో పోతుందో, డొప్ప వెనక్కు అంత వూపుతో బోల్టును తోస్తుంది. వూపు అంటే బరువును వేగంతో హెచ్చించగా వచ్చేది. జోరు తూటాకు అది 49,600. వేగం తగ్గించిన 40 గ్రెయిన్ల దానికి 42,000. బోల్టు సగం దాకా వచ్చి ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. ఈ బరువు తూటాకో, 57,000! అంటే నెమ్మదిగా పోతూనే తుపాకిని జోరు తూటా కంటే గట్టిగా నడుపుతుంది.

లెక్కలో నేను తప్పు పట్టలేకపోయాను. మర్నాడు పొద్దున మట్టికట్ట ముందు కాగితం కట్టి కూర్చున్నాం.

తుపాకి చక్కగా నడిచింది. పది తూటాలకు పది డొప్పలూ యెగిరిపడ్డాయి. చప్పుడు మెత్తగా, తలుపు వేసినట్టున్నది. కంచె అవతల గుర్రం తల యెత్తి చూసి, మళ్లీ గడ్డిలో తల పెట్టింది. మా బావమరిది మీసం దువ్వుకున్నాడు.

లేచి వెళ్లి కాగితం చూశాం. 25 గజాల దగ్గర పెట్టినదాని మీద చిల్లులు కాస్త కోలగా వున్నాయి. 50 గజాల కాగితం మీద చిల్లులే కావవి. ఖర్జూరపు గింజ అచ్చు వేసినట్టు పొడుగాటి చీలికలు. కొన్ని కాగితం చివర, ఒకటి కట్టెకు. రెండు అసలు లేవు. గుండు ముక్కుతో కాకుండా పక్కకు తిరిగి, పల్టీలు కొడుతూ పోయిందన్నమాట.

"గాలి వుంది" అన్నాడు మా బావమరిది.

"ఆకు కదలడంలేదోయ్" అన్నాను.

"నీ తుపాకి పాతదైపోయింది."

"కొని రెండేళ్లు కాలేదు."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అతనికి. మధ్యాహ్నం భోజనం దాకా వాదించాడు.

గొట్టంలో మెలిక

భోజనమయ్యాక కారణం దొరికింది. అదీ అతనే వెతికిపట్టాడు. అందుకే అతనంటే నాకు గౌరవం.

రైఫిల్ గొట్టం లోపల నున్నగా వుండదు. మెలిక తిరిగిన గాళ్లుంటాయి. గుండు వాటి వెంబడి బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. బొంగరం జోరుగా తిరిగినంతసేపు నిటారుగా నిలుస్తుంది, జోరు చాలకపోతే తూలి పడుతుంది. గుండు సంగతీ అంతే. గుండు యెంత పొడుగైతే అంత జోరుగా తిరగాలి. బరువు పెంచామంటే, రంధ్రం వెడల్పు మారదు గనుక, పొడుగు పెంచామన్నమాటే. తూటా మొత్తం పొడవు మారితే పెట్టెలో పట్టదు. అంచేత ఈ బరువు తూటాలో గుండు పొడుగు, ఇత్తడి డొప్ప పొట్టి.

ఎంత మెలిక కావాలో చెప్పే సూత్రం ఒకటి గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణిత పండితుడు 1879లో కట్టాడు. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి, 150తో హెచ్చించి, గుండు పొడవుతో భాగించాలి. వచ్చినన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు వుంటే గుండు నిలుస్తుంది. నా మామూలు గుండు పొడవు అరంగుళానికి కాస్త తక్కువ. లెక్క కడితే 16 అంగుళాలకు ఒక చుట్టు. ఇరవైరెండు రైఫిళ్లలో మామూలుగా వుండే మెలిక సరిగ్గా అదే. ఈ 60 గ్రెయిన్ల గుండు ముప్పాతిక అంగుళానికి కాస్త తక్కువ. దానికి 11 అంగుళాలకొక చుట్టు కావాలని సూత్రం చెబుతుంది. నెమ్మదిగా పోయేది గనుక 9 అంగుళాల మెలిక వుంటేనే మంచిదని అనుభవజ్ఞులంటారు.

అంటే తూటాలో దోషం లేదు. తుపాకిలోనూ లేదు. జాతకాలు కుదరలేదు, అంతే.

ఇక చూడండి చిక్కు. బరువు తూటా నా తుపాకిని బ్రహ్మాండంగా నడుపుతుంది, కాని నా గొట్టం దాన్ని నిలబెట్టలేదు. నెమ్మది చేసిన 40 గ్రెయిన్ల తూటాను నా గొట్టం నిలబెడుతుంది, కాని అది నా తుపాకిని నడుపుతుందన్న నమ్మకం లేదు. మరో దారి గొట్టం మార్చడం. 9 అంగుళాల మెలిక గొట్టాలు దొరుకుతాయి. ముప్ఫై మొక్కల కోసం అంత ఖర్చా అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఏడో చిల్లు

నెమ్మది రకం 40 గ్రెయిన్ల తూటాలు తెప్పించాను. ఏ కంపెనీవన్నది ఇక్కడ అనవసరం. అనుకున్నట్టే నాలిగింట ఒకటి బోల్టును పూర్తిగా వెనక్కు తొయ్యలేకపోయేది. డొప్ప సగంలో ఇరుక్కునేది. నేను చేత్తో బోల్టు లాగి, డొప్ప రాల్చి, మళ్లీ పేల్చేవాణ్ణి. వారం రోజుల్లో చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. తుపాకి ఆగితే లాగడం, పేల్చడం. ఆలోచన లేదు. అసలు ప్రమాదం ఆ అలవాటులోనే వున్నదని నాకు తెలియదు.

మా బావమరిది మళ్లీ వచ్చాడు. కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చుని, దుర్భిణీ కళ్లకు పెట్టుకుని, నేను పేల్చినప్పుడల్లా "చిల్లు!" అని అరుస్తున్నాడు. ఆరుసార్లు అరిచాడు. ఆరూ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. ఏడోసారి మీట నొక్కాను. 'టప్'మన్నది. మామూలు కంటే కొంచెం మెత్తగా. బోల్టు కదలలేదు. అలవాటు ప్రకారం లాగి వదిలాను. డొప్ప పడింది, కొత్త తూటా లోపలికి వెళ్లింది. వేలు మీట మీదికి వెళ్తున్నది.

"ఆగు బావా! చిల్లు లేదు."

"గురి తప్పివుంటుందిలేవోయ్."

"ఆరు గుళ్లు రూపాయి బిళ్లంత చోట వేసినవాడివి, ఏడోది కాగితానికే తగలకుండా వేస్తావా? ఆగమంటున్నాను!"

నేనతని కంటె పెద్దవాణ్ణి. అతనెప్పుడూ నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు. తుపాకి మూతి మట్టికట్ట వైపే వుంచి, వేలు తీసేశాను. తూటాల పెట్టె వూడదీసి, లోపలి తూటా కూడా బయటికి తీసి, గది ఖాళీగా వున్నదని ఇద్దరం చూశాం. అప్పుడు మూతి వైపు నుంచి శుభ్రం చేసే చువ్వ పెట్టాను. అడుగున్నర పోవలసిన చువ్వ జానెడు పోయి ఆగిపోయింది.

గుండు గొట్టంలోనే వున్నది!

ఆ తూటాలో మందు చాలలేదో, చెమ్మ తగిలిందో, గుండును మూతి దాకా నెట్టలేకపోయింది. దాని వెనక ఇంకొకటి పేలివుంటే ముందుదానికి గుద్దుకుని గొట్టం వుబ్బేది, లేదా పగిలేది. నా ముఖం దానికి మూడు జానల దూరంలో వున్నది. జోరు తూటా ఐతే, చప్పుడులో తేడా చెవికి వెంటనే కొట్టేది. అసలే మెత్తగా పేలే తూటా కాబట్టి మెత్తదనంలో మెత్తదనం నాకు తెలియలేదు. బోల్టు కదలకపోవడం కూడా మామూలైపోయింది గనుక అదీ హెచ్చరికగా తోచలేదు. గుర్రం కోసం కోరి తెచ్చుకున్న నిశ్శబ్దమే నా చెవులు మూసింది.

ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత అతను, "అక్కయ్యకు చెప్పకు" అన్నాడు. చెప్పకుండా వుండగలనా? ఆ రాత్రే చెప్పాను. ఆమె ఏమన్నదో రాయను.

తుపాకినే అడగాలి

ఇరుక్కున్న గుండును నేను కొట్టి తీయబోలేదు. తుపాకి మరమ్మత్తు చేసే ఆయన దగ్గరకు తీసుకుపోయాను. ఆయన దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, నేనింతవరకూ తూటా పెట్టెల మీది అక్షరాలు చదువుతున్నానే కాని నా తుపాకి చెప్పేది వినడంలేదని అన్నాడు. పోటీల్లో పేల్చేవాళ్లు ఒకే కంపెనీ తూటాలే ఐనా ఒక్కో విడత తెప్పించి తమ తుపాకిలో పేల్చి చూసి, నచ్చిన విడతే పెట్టెలకు పెట్టెలు కొంటారట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు గదా, ఆ పోటీలో వాడే తూటా ఇదే ఇరవైరెండు. అంతటి వాళ్లు వాడేది కూడా 40 గ్రెయిన్లదే, ధ్వనికి లోబడి పోయేదే. బరువులో మహిమ వుంటే వాళ్లు వదులుతారా?

నేను చివరకు తేల్చుకున్నది ఇది. 40 గ్రెయిన్లే, వేరొక తయారీ, వేగం 1,070 అడుగులు. వూపు లెక్క కడితే 42,800. నెమ్మది రకానికి కొంచెం పైన. తుపాకి వూడదీసి బోల్టు మీది మసి తుడిచి, పలచగా నూనె రాశాక 200 తూటాలు పేల్చి చూశాను. రెండుసార్లు ఆగింది. చిల్లులన్నీ గుండ్రంగా వున్నాయి. ఒక్క తిరకాసు మాత్రం వున్నది. చలి పెరిగితే ధ్వని వేగం తగ్గుతుంది. 0 డిగ్రీల వద్ద సుమారు 1,087 అడుగులే. అంచేత మంచు పడే పొద్దుట ఒకటీ అరా తూటా గీత దాటి కొరడా దెబ్బ కొడుతుంది. అలాంటి పొద్దుట నేను తుపాకి తియ్యను.

ఇలాంటి తూటా యెంచుకోబోయే వారికి నాలుగు మాటలు. ముందు గొట్టం మీద మెలిక యెంతో చూసుకోండి. అంకె లేకపోతే చువ్వకు గుడ్డ చుట్టి లోపలికి తోస్తూ, ఒక చుట్టు తిరగడానికి యెన్ని అంగుళాలు పోతున్నదో కొలవండి. తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూశాకే సుమండీ. పేల్చి చూడకుండా పెట్టెలు పెట్టెలు కొనకండి. నెమ్మది గుండు త్వరగా కిందికి దిగుతుంది; 50 గజాలకు కుదిర్చిన గురి 100 గజాల దగ్గర 60 గ్రెయిన్ల గుండుకు ఒక జానెడు కిందికి పోతుంది. అంచేత దూరం తెలియని గురి పెట్టకండి. నెమ్మదిది కదా అని చులకన చెయ్యకండి. ఇరవైరెండు తూటా పెట్టెల మీద మైలున్నర దాకా ప్రమాదమని రాసి వుంటుంది. గుండ్రని ముక్కు సీసపు గుండు రాతి మీదా నీటి మీదా పడితే చిల్లపెంకులా యెగిరి ఎటో పోతుంది. వెనక మట్టికట్ట లేనిదే పేల్చకండి. అన్నిటికంటె ముఖ్యం, చప్పుడు తేడాగా వుంటే, చిల్లు కనపడకపోతే, చెయ్యి ఆగాలి.

మా బావమరిది పట్టు వదలలేదు. తన తుపాకికి 9 అంగుళాల మెలిక గొట్టం బిగించుకున్నాడు. ఆ 60 గ్రెయిన్ల తూటాలే ఇప్పుడతనికి గుండ్రంగా చిల్లులు పెడుతున్నాయి. "చూశావా, నేను మొదటే చెప్పాను" అంటాడు. నిజమే, చెప్పాడు. నా తుపాకికి కాదు, తన తుపాకికి చెప్పాడు.

లేతమొక్కల మొదళ్లకు ఈ యేడు ఇనుపవల చుట్టాను. కుందేళ్ల బాధ సగం దానితోనే తీరింది. మిగతా సగానికి అప్పుడప్పుడు తుపాకి తియ్యక తప్పడంలేదు. గుర్రం కాలు మానింది. మచ్చ మాత్రం వున్నది. నేను పేల్చినప్పుడు ఒక చెవి ఇటు తిప్పి మళ్లీ మేతలో పడుతుంది. పెద్దాయన కంచె మీద చేతులానించి నిలబడి టోపీ పైకెత్తుతాడు.

కాగితానికి పేల్చినప్పుడు నేనిప్పుడు ఒక్కణ్ణే వున్నా పైకే లెక్కపెడతాను. "చిల్లు... చిల్లు... చిల్లు..." కంటికి కనపడితేనే తర్వాతి తూటా. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి వింటూ వుంటుంది. లెక్క ఆగితే కేకేస్తుంది.